ఖాళీ ఉంటేనే

ఆ బూట్లు ఒక సైజు చిన్నవన్న సంగతి గువ్వకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.

అమ్మ పంపిన బూట్లవి. నల్లగా, లేసులతో, ముందు భాగం అద్దంలా మెరుస్తూ ఉంటాయి. ఆరేళ్ళ కిందట తను వదిలి వెళ్ళినప్పటి పాదాన్ని గుర్తు తెచ్చుకుని, ఏడాదికి ఇంత పెరిగి ఉంటుందని మనసులోనే పెంచుకుంటూ పోయి, ఎక్కడో ఒక దగ్గర ఆగి కొన్నది. "సరిపోయాయా బంగారం?" అని ఫోనులో అడిగితే గువ్వ "ఆఁ" అంది. ఎవరేమడిగినా గువ్వ చెప్పే జవాబు అదొక్కటే.

"అయితే అవే వేసుకుని రా. ఫోనులో మాట్లాడినప్పుడల్లా నువ్వు తల వంచుకునే ఉంటావు. నాకు నీ పాపిడి తప్ప ఏమీ కనబడదు. రేపు అంతమందిలో నిన్నెలా పోల్చుకోను? ఆ బూట్లు చూసి దూరం నుంచే పట్టేస్తాను" అని అమ్మ నవ్వింది. 

ఇంకేం చెబుతుంది గువ్వ? వేసుకుంది. శనివారం పొద్దున వేసుకున్న బూట్లు ఇవాళ మంగళవారం వచ్చినా కాళ్ళకే ఉన్నాయి. విమానాశ్రయం హాల్లో, ఆరో నంబరు స్తంభం పక్కన, చిల్లులున్న ఇనుప కుర్చీలో కూర్చుని, బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుని, జాబితా ఎప్పుడు పిలుస్తారా అని చూస్తోంది.

ఇదంతా బాబాయి పుణ్యం. బాబాయి ఆ విమానాల కంపెనీలోనే సామాన్ల విభాగంలో పనిచేస్తాడు. జనం పైన కూర్చుంటే వాళ్ళ పెట్టెల్ని కింద పేర్చేది ఆయనే. నాలుగేళ్ళలో ఎన్ని వేల పెట్టెలు ఎక్కించాడో గాని, ఇంట్లోవాళ్ళను ఒక్కరినీ ఎక్కించిన పాపాన పోలేదు. ఈ ఏడు ఆ లోటు తీర్చాడు. పనిచేసేవాళ్ళ కుటుంబాలకు కంపెనీ రాయితీ టికెట్లు ఇస్తుంది. పదిహేను గంటల ప్రయాణం, అదీ బిజినెస్ క్లాసులో, అసలు ధరలో పదోవంతుకి. సెలవుల రోజుల్లో మామూలు క్లాసు చీమ దూరే సందు లేకుండా నిండిపోతుందనీ, ముందు భాగంలోనే ఒకటీ అరా మిగులుతాయనీ బుకింగు సెక్షనులో ఉన్న స్నేహితుడు చెబితే, అందులోనే రాయించాడు.

"సీటు మంచమైపోతుందటే! కాళ్ళు బారజాపుకుని పడుకోవచ్చట. మన జన్మలో ఇలాంటిది జరుగుతుందనుకున్నావా?" అని పిన్ని ఇంట్లో గంతులేసినంత పనిచేసింది.

మెలిక తర్వాత తెలిసింది. టికెట్టు మీద పిన్ని పేరూ, గువ్వ పేరూ ఉన్నాయి, సీటు నంబరు లేదు. ఆ చోట 'ఖాళీ ఉంటేనే' అని ముద్ర కొట్టి ఉంది. పూర్తి డబ్బు కట్టినవాళ్ళంతా ఎక్కాక ఏమైనా మిగిలితే, అప్పుడు జాబితాలో వాళ్ళను వరసగా పిలుస్తారు. ముందొచ్చినవాళ్ళకు ముందు అన్న లెక్క కాదది. ఎవరి తరఫున వచ్చారో ఆ ఉద్యోగి ఎన్నేళ్ళు చేశాడన్న లెక్క. బాబాయివి నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళు చేసిన ఏ గుమాస్తాగారి తోడల్లుడో ఆఖరి నిమిషంలో తాపీగా నడుచుకుంటూ వచ్చినా సరే, వీళ్ళు ఒక మెట్టు దిగాల్సిందే.

ఇంకో మెలిక తలుపు దగ్గర ఉంది. ఆ కాగితంతో హాల్లోకి ఒక్కసారే రానిస్తారు. బయటికి పోతే మళ్ళీ కొత్త కాగితం కావాలి. అది బాబాయి ఆఫీసులో మూడు సంతకాలయ్యాక, రెండు రోజులకు గాని రాదు. కాగితం గడువేమో వచ్చే శనివారంతో సరి. అందుకని శనివారం లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉండిపోయారు. కుర్చీల్లోనే నిద్ర. చేతులు ఆరబెట్టుకునే యంత్రం కిందే బట్టలు ఆరబెట్టుకోవడం. బాబాయి డ్యూటీ మధ్యలో బయట గాజు గోడ దగ్గరికి వచ్చి నిలబడతాడు. లోపల పిన్ని నిలబడుతుంది. మధ్యలో వేలెడు మందం అద్దం. ఇద్దరూ ఫోన్లు చెవిన పెట్టుకుని, జానెడు దూరంలో ఉండి మాట్లాడుకుంటారు. ఆదివారం ఆయన అన్నం డబ్బా తెచ్చి అద్దానికి ఆనించి చూపించాడు.

"చూపించింది చాలు, నువ్వే తినెయ్యి" అంది పిన్ని. "ఎగ్జిబిషను పెట్టావా నాకు?"

బిజినెస్ క్లాసు రాయితీకి ఇంకా బోలెడు నియమాలున్నాయి. బట్టలు నలగకూడదు. కాళ్ళకు మూసి ఉండే బూట్లే ఉండాలి. తల దువ్వి ఉండాలి. రాయితీ టికెట్టని పక్కవాళ్ళతో అనకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. సీటు రాలేదని కౌంటరు దగ్గర వాదించకూడదు. వాదించారో, ఉద్యోగి రాయితీ రద్దు. పిన్ని ఆ కాగితం చదివి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇవన్నీ ఎవరో నిన్ను చూసి రాసినట్టున్నారే గువ్వా! నీకేం, పుట్టినప్పటి నుంచీ పాటిస్తున్నావు. చచ్చేది నేనే."

పిన్ని ఎన్ని హాస్యాలాడినా, ఇద్దరి మనసులోనూ నడుస్తున్న లెక్క ఒకటే. అమ్మ పనిచేసేది ముసలివాళ్ళను చూసుకునే ఇంట్లో. కాగితాలు పూర్తయ్యేదాకా ఆ దేశం దాటి రావడానికి లేదు. ఆరేళ్ళకు మొదటిసారి పది రోజులు సెలవిచ్చారు. నిన్న సోమవారం మొదలైంది, వచ్చే బుధవారంతో ఆఖరు. సెలవు జరపడానికి వీల్లేదు. వీళ్ళు ఇనుప కుర్చీలో కూర్చున్న ప్రతి రోజూ ఆ పదిలోంచి ఒకటి పోతోంది. శనివారం విమానం నిండిపోయింది. ఆదివారమూ అంతే. నిన్న మూడు సీట్లు మిగిలితే, ముగ్గురూ పెద్ద సర్వీసువాళ్ళే వచ్చి కూర్చున్నారు.

ఇవాళ మాత్రం జాబితాలో వీళ్ళదే మొదటి పేరు. తెర మీద చూసి పిన్ని రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. పన్నెండున్నరకు కౌంటరు ఆవిడ, మెడలో ఎర్ర స్కార్ఫు కట్టుకునే ఆవిడ, మైకు దగ్గరికి తీసుకుంది. ఒకటో నంబరును పిలవలేదు. రెండో నంబరును పిలిచింది. కోటు వేసుకున్న కుర్రాడొకడు లేచి, చెవుల్లోంచి పాటల తీగ కూడా తీయకుండా వెళ్ళిపోయాడు.

పిన్ని కౌంటరు దాకా వెళ్ళి, పళ్ళు బిగబట్టి, నియమాల ప్రకారం చిన్న గొంతుతో అడిగింది. "మాది మొదటి పేరు కదమ్మా?"

"మీ వంతు రాలేదండీ. రేపు చూడండి" అంది స్కార్ఫావిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

పిన్ని తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. "ఏం సర్వీసే వాడిది? వాడికి మీసమే రాలేదు, వాళ్ళ నాన్న సర్వీసై ఉంటుంది" అంది.  ఎనిమిది రోజులు ఉండాల్సినవి ఏడయ్యాయి అనుకుంది గువ్వ.

బుధవారం రెండు సీట్లున్నాయని తెర మీద కనబడింది. జాబితాలో వీళ్ళే మొదట. పిన్ని గబగబా గాజు గోడ దగ్గరికి పరిగెత్తి, బాబాయికి రెండు వేళ్ళు చూపించింది. బాబాయి అవతల చప్పట్లు కొట్టాడు. అవి వినబడలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చాడొక పెద్దాయన. ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా, గట్టి అరచేతులు, చంకలో ఒక చిన్న దిండు. తెర మీద ఆయన పేరు పైకెక్కింది, వీళ్ళది రెండోదయింది. ఆయన గువ్వ పక్క కుర్చీలో కూర్చుని మోకాళ్ళు నిమురుకున్నాడు.

"ముప్పై మూడేళ్ళమ్మా" అన్నాడు, ఎవరూ అడగకుండానే. "ఇంట్లో నిద్ర పట్టదు. ఇంజను చప్పుడుంటేనే పడుతుంది. అందుకే నెలకోసారి వెళ్ళి, అక్కడ టీ తాగి, మళ్ళీ వస్తుంటాను."

 నిద్రపోవడానికి వెళుతున్నాడు! గువ్వకు ఆ మాట ఎవరితోనైనా గట్టిగా అనాలనిపించింది. నాలుక మాత్రం ఎప్పటిలాగే అంగిలికి అతుక్కుపోయింది.

పెద్దాయన్ను పిలిచారు. ఇంకొక సీటు మిగిలి ఉంది. స్కార్ఫావిడ రెండో నంబరు దాటేసి మూడో నంబరును పిలిచింది.

పెద్దాయన బోర్డింగు పాసు పుచ్చుకుని రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి చూశాడు. "అదేంటి, మిమ్మల్ని దాటేశారు? మీ ఇద్దరిదీ ఒక్కటే బుకింగా?"

గువ్వ తలూపింది.

"అయ్యో, ఎవరమ్మా రాయించింది? జంటగా రాస్తే రెండు సీట్లుంటేనే కదులుతుంది. ఒక్కటే మిగిలిందనుకో, కంప్యూటరు మిమ్మల్ని మనుషుల్లోనే లెక్కెయ్యదు. ఈ సీజన్లో నీకు రెండు సీట్లు ఎక్కడ మిగులుతాయి? విడగొట్టమని అడుగు. నిమిషం పని." దిండు చంకలో సర్దుకుని, "నిన్ననే తెలిస్తే బాగుండేది" అంటూ వెళ్ళిపోయాడు.

పిన్ని గాజు గోడ దగ్గర్నుంచి వచ్చాక గువ్వ మెల్లగా, ముక్కలు ముక్కలుగా ఆ సంగతి చెప్పింది. పిన్ని వెనక్కి తిరిగి బాబాయికి ఫోను చేసింది. అద్దం అవతల ఆయన తల పట్టుకోవడం గువ్వకు ఇక్కడి నుంచే కనబడింది.

"పిల్ల బెదురుగొడ్డు కదా, దూరం దూరం సీట్లిస్తే ఏడుస్తుందని, ఇద్దరినీ కలిపి రాయమని ఆ బుకింగు స్నేహితుణ్ణి బతిమాలానే" అన్నాడట. "వాడు రూలు చెప్పబోతే, నువ్వు రాయవయ్యా బాబూ అని నేనే నోరు నొక్కాను."

పిన్ని ఆయన్ని ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడ చరిత్రలోనే మొదటిసారి. కాసేపటికి గువ్వతో అంది.

"విడగొట్టేది లేదు. మీ అమ్మ నిన్ను నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. మళ్ళీ ఆవిడ చేతిలో నేనే పెడతానన్నాను. ఒక్కదానివి ఎలా పోతావు? కొట్టుకు పంపితే ఉప్పు అడగలేక వట్టి చేతుల్తో వచ్చిన దానివి నువ్వు. అక్కడ ఎవడో పేరడిగితే నేలచూపులు చూస్తావు. వాడు తీసుకెళ్ళి ఏ గదిలోనో కూర్చోబెడతాడు."

"మరి నువ్వెళ్ళు" అంది గువ్వ.

"నేనెళ్ళి ఏం చెయ్యను? నా మొహం చూడ్డానికా ఆవిడ ఆరేళ్ళు కాచుకున్నది?" అంది పిన్ని. ఆ మాట అని స్తంభం వైపు తిరిగి కూర్చుంది. అమ్మ ఆవిడకు ఒక్కగానొక్క అక్క. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు, దుప్పటి కోసం కొట్టుకునేవాళ్ళు. విడగొడితే ఇద్దరిలో ఒకరు ఎక్కుతారు. శనివారంలోగా రెండోవాళ్ళకు సీటు దొరుకుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఈ ముక్క పిన్నికీ తెలుసు, గువ్వకీ తెలుసు. ఇద్దరూ ఎత్తలేదు.

గురువారం పదకొండింటికే గువ్వ కాళ్ళు బూట్లలో నిండుకుండల్లా తయారయ్యాయి. మడమ దగ్గర చర్మం లేచిపోయి, మేజోడు అంటుకుపోయింది. విప్పితే మళ్ళీ ఎక్కవని భయం. పన్నెండుంపావుకి పిన్ని, "చొక్కా కాలరు తడిపి సాపు చేసుకొస్తాను, కదలకు. ఈ వేళ రెండు మిగులుతాయి చూడు, నా ఎడమ కన్ను అదురుతోంది" అని స్నానాల గది వైపు వెళ్ళింది.

తెర మారింది. మిగిలిన సీట్లు: ఒకటి. జాబితాలో వీళ్ళది మొదటి పేరు. రెండో పేరు తాలూకు మనిషి అప్పుడే లేచి, బ్యాగు జిప్పు పెట్టుకుంటోంది. ఏం జరగబోతోందో ఆవిడకూ తెలిసిపోయినట్టుంది.

గువ్వ లేచింది. కౌంటరు ఇరవై అడుగుల దూరం. ఒక్కో అడుగూ సూది మీద వేసినట్టు వేసింది. స్కార్ఫావిడ మైకు తీసుకోబోతోంది.

"విడగొట్టండి" అంది గువ్వ.

"ఏంటమ్మా? వినబడలేదు."

"మా ఇద్దరిదీ... ఒక్క బుకింగు. విడగొట్టండి."

స్కార్ఫావిడ మొదటిసారి తెర మీంచి కళ్ళెత్తి చూసింది. "విడగొడితే మళ్ళీ కలపడానికి ఉండదు. తెలుసా? మిగిలినవాళ్ళు కొత్తగా జాబితా అడుక్కి వెళ్తారు."

గువ్వ తలూపింది.

"తలూపితే కాదు. నోటితో చెప్పాలి. ఇప్పుడు ఎవరు ఎక్కుతున్నారు? మీరా, ఆవిడా?"

స్నానాల గది తలుపు ఇంకా తెరుచుకోలేదు. గువ్వ ఆ తలుపు వైపు చూసింది. నోటి నిండా పిన్ని పేరే ఉంది. అది చెబితే ఎంత బాగుంటుందో, ఎంత మంచి పిల్లవంటారో కూడా తెలుసు.

"నేను" అంది.

పిన్ని తడి కాలరుతో వచ్చేసరికి గువ్వ చేతిలో బోర్డింగు పాసుంది. ఒక్కటే ఉంది. పిన్ని ఆ కాగితం వైపు, తెర వైపు, గువ్వ మొహం వైపు చూసింది. తెర మీద ఆవిడ పేరు ఒంటరిగా తొమ్మిదో వరసలో ఉంది.

"నువ్వే అడిగావా?"

"ఆఁ."

"నీ నోటితోనే?"

"ఆఁ."

"ఎప్పుడు నేర్చావే మాట్లాడ్డం? ఇంట్లో ఉండగా నేర్చుకుంటే నాకు ఉప్పైనా వచ్చేది" అంది పిన్ని. కొంచెం నవ్వింది కూడా. అప్పుడు వంగి నేల మీద కూర్చుంది. గువ్వ బూటు లేసులు విప్పి, మళ్ళీ మొదటి నుంచి ఒక్కో కన్నం దగ్గరా గట్టిగా లాగి బిగించింది. "వదులుగా ఉంటే తట్టుకుని పడతావు. ఇవి చూసే కదా అక్క నిన్ను పట్టుకునేది. పోగొట్టుకోకు." ఇంకోసారి లాగి, రెండు ముళ్ళు వేసింది. గువ్వ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పిన్ని అవి వేరే కన్నీళ్ళనుకుంది.

"ఏడవకు. బిజినెస్ క్లాసువాళ్ళు ఏడవరు, రూల్సులో ఉంది" అని గువ్వ వీపు మీద ఒక్కటి చరిచి, గేటు వైపు తోసింది.

విమానంలో సీటు నిజంగానే మంచమైంది. పక్క సీటాయన బంగారు అంచు కళ్ళద్దాలు సర్దుకుని, "మూడు నెలల ముందు నుంచి కాపు కాసి, పక్క ఊరి నుంచి బయల్దేరినట్టు బుక్ చేశానమ్మా. సగానికి సగం తగ్గింది. నీకెంత పడింది?" అని అడిగాడు. గువ్వ నేలచూపులు చూసింది. చాలా ఎక్కువ పడినట్టుందని ఆయన జాలిపడి, ఇంకేమీ అడగలేదు.

రెండు గంటలు అలాగే బిగుసుకుని కూర్చుంది. పడుకుంటే ఎవరైనా వచ్చి లేపుతారేమో, ముప్పై ఏళ్ళ సర్వీసువాళ్ళెవరైనా ఆకాశంలో ఎక్కుతారేమో అన్నంత భయం. చివరికి విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి దుప్పటి కప్పింది. "బూట్లు తీసేయండి, ఇవి తొడుక్కోండి" అని బూడిద రంగు మేజోళ్ళు ఇచ్చింది. పిన్ని వేసిన ముళ్ళు విప్పడానికి గువ్వకు చాలాసేపు పట్టింది. విప్పాక, కాళ్ళు తనవి కావన్నట్టు చూసుకుంది. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

దిగేముందు తొడుక్కోబోతే బూట్లు ఎక్కలేదు. మడమ కాదు గదా, వేళ్ళే పోలేదు. లాగింది, తొక్కింది, మళ్ళీ లాగింది. అందరూ దిగిపోతున్నారు. బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతోనే నడిచింది. గాజు గదిలో ఒకాయన పేరడిగాడు. చెప్పింది. ఎందుకొచ్చావన్నాడు. "అమ్మను చూడ్డానికి" అంది. ముద్ర కొట్టాడు.

తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఇనుప కమ్మీ అవతల అంతా జనం. వాళ్ళలో అమ్మ వెంటనే కనబడింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, రెండు చేతులా కమ్మీ పట్టుకుని నిలబడింది. అమ్మ ఇంత పొట్టిదా అనుకుంది గువ్వ. అమ్మ ఎవరి మొహాలూ చూడటం లేదు. వచ్చేవాళ్ళ కాళ్ళు చూస్తోంది. ఒక్కో జత కాళ్ళూ వస్తుంటే పెదాలు కదుపుతోంది. గువ్వ దగ్గరికొచ్చింది. అమ్మ చూపు బూడిద రంగు మేజోళ్ళ మీదికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, వాటిని దాటి వెనకాల వచ్చే కాళ్ళ మీదికి పోయింది.

రెండు బారల దూరంలో నిలబడి గువ్వ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది.

"అమ్మా!"

అంత గట్టిగా వస్తుందని తనకే తెలియదు. చుట్టుపక్కల అమ్మలందరూ తిరిగి చూశారు. వాళ్ళలో ఒకావిడ తలెత్తి, తన కంటే పొడుగ్గా ఉన్న పిల్ల మొహాన్ని చూసి, కమ్మీ మీది చేతులు వదిలేసింది.

కాసేపటికి ఆ చేతులే గువ్వ బుగ్గలు వదిలి బూట్ల దగ్గరికి వెళ్ళాయి. అమ్మ బూట్లు తీసుకుని, ఒకటి తిరగేసి చూసింది. తర్వాత కిందికి, మేజోడు మీద మడమ దగ్గర ఉన్న మరక వైపు చూసింది.

"చిన్నవయ్యాయా?"

"ఆఁ."

"ఎప్పటి నుంచి?"

"అవి వచ్చిన రోజు నుంచి."

"సరిపోయాయన్నావుగా" అంది అమ్మ.   తల తిప్పి తలుపుల వైపు చూస్తోంది. "చెల్లి ఏదీ? సామాను కోసం ఆగిందా?"

"రాలేదమ్మా. సీటు ఒక్కటే ఉంది. ఎవరెక్కుతారని అడిగారు. నేనెక్కుతానన్నాను."

 తలుపులు ఇంకో రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. ఇంకా ఆరు రోజులున్నాయి. అందులో ఒకటి అప్పుడే నడుస్తోంది. అమ్మ ఫోను తీసి నొక్కింది. ఒక్క రింగుకే పిన్ని ఎత్తింది. ఆ గొంతు గువ్వకు కూడా వినబడింది.

"అక్కా, చేరిందా? నీ చేతిలో ఉందా పిల్ల?"

"ఉందే" అంది అమ్మ. ఒక చేత్తో గువ్వ మణికట్టు పట్టుకునే ఉంది. రెండో చేతిలో ఫోను, చంకలో బూట్లు. "నువ్వెప్పుడొస్తావు?"

"జాబితాలో ఐదో దాన్నయ్యాను. పన్నెండున్నరకు పిలుస్తారు. నాది ఇప్పుడు ఒంటి పేరే కదా, ఒక్కటి మిగిలినా చాలు" అంది పిన్ని. గొంతులో నవ్వు తెచ్చుకుంది. "ఉంటానక్కా, మీ మరిది అద్దం దగ్గరికొచ్చాడు. అన్నం డబ్బా చూపిస్తున్నాడు."